ఇంటిపన్ను చీటీ, రాష్ట్ర బడ్జెట్టు



కొత్త ఆర్థిక సంవత్సరం మొదలైందంటే మన వాడల్లో గుమ్మం దగ్గరికి ఒక చీటీ వస్తుంది. మనం దాన్ని ఘర్‌పట్టీ అంటాం. తెలంగాణ నుండి వచ్చిన చుట్టాలు ఇంటిపన్ను అంటారు. పేరు ఏదైనా, అందరూ ముందు చూసేది కింద ఉన్న అంకెనే. పోయిన ఏటికన్నా ఆ అంకె పెరిగితే, చీటీ తెచ్చినవాడి మీద, సర్పంచ్ మీద, గ్రామసేవక్ మీద నాలుగు మాటలు పడతాయి. నగరంలో అయితే ఆ మాటలు నగరసేవక్‌కు, కార్పొరేషన్ గుమాస్తాకు పడతాయి.

ఆ మాటల్లో కొన్ని న్యాయమైనవే. కాని ఆ అంకె మొత్తం పంచాయతీ ఆఫీసులోనే పుట్టిందా అన్నది ఆలోచించవలసిన విషయం. అందులో కొంత భాగం ముంబాయిలో, విధానసభలో బడ్జెట్టు చదివిన రోజునే పుడుతుంది. అక్కడ తగ్గిన రూపాయి మన గుమ్మం దగ్గర ఎలా పెరుగుతుంది, ఆ పెరుగుదలకు ప్రజలు ఎవరిని బాధ్యుల్ని చేస్తారు, ముఖ్యమంత్రికి దానివల్ల పేరు పోతుందా, పోదా అన్న సంగతులు ఈ రోజు మీతో పంచుకుంటాను.

మొదట మన కుంభారినే తీసుకుందాం. దక్షిణ సోలాపూర్ తాలూకాలో అక్కల్‌కోట్ రోడ్డు మీది ఈ ఊరి పేరు ఇప్పుడు దేశమంతా వినబడింది. బీడీలు చుట్టే ఆడవాళ్ళ కోసం గోదూతాయి పరుళేకర్ పేరుతో ఇక్కడ 10,000 ఇళ్ళు లేచాయి. 2006లో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి తాళంచెవులు అందించారు. కేంద్రం ఒక వాటా, రాష్ట్రం ఒక వాటా, కార్మికురాలు ఒక వాటా వేసుకొని కట్టిన ఇళ్ళు అవి. ఆ తరువాత మీనాక్షితాయి సానే పేరుతో మరో కాలనీ వచ్చింది. ఆపైన 30,000 ఇళ్ళ రేనగర్ పథకం వచ్చింది. అందులో 15,000 ఇళ్ళను 2024 జనవరి 19న ప్రధాని నరేంద్ర మోదీ అప్పగించారు. వీటి వెనుక మాజీ శాసనసభ్యులు నర్సయ్య ఆడం నాయకత్వంలో కార్మికులు ఏళ్ళ తరబడి చేసిన పోరాటం ఉంది.

ఇల్లు కట్టడం ఒక్కసారి జరిగే పని. దానికి సభ ఉంటుంది, పూలదండలు ఉంటాయి, శిలాఫలకం మీద పేరు ఉంటుంది. కాని ఇంట్లో చేరిన మరునాటి నుండి మోరీ తీయాలి, వీధిదీపం వెలగాలి, నీళ్ళు రావాలి, చెత్త ఎత్తాలి. వేల కుటుంబాలు ఒకచోట చేరితే ఊరు పట్టణమంత అవుతుంది, పనిచేసే యంత్రాంగం మాత్రం గ్రామపంచాయతీదే. ఈ రోజువారీ పనికి శిలాఫలకం ఉండదు. దాని పైకం ఎక్కడి నుండి వస్తుందో అడిగేవాళ్ళు కూడా తక్కువ.

పంచాయతీ చేతికి డబ్బు ముఖ్యంగా మూడు దారుల్లో వస్తుంది. ఒకటి సొంత రాబడి. ఘర్‌పట్టీ, పాణీపట్టీ, దీపాల పన్ను వంటివి ఇందులోకి వస్తాయి. రెండవది రాష్ట్రం ఇచ్చే గ్రాంట్లు, స్టాంపు డ్యూటీలో వాటా. మూడవది కేంద్ర ఆర్థిక సంఘం సిఫారసు మీద వచ్చే నిధులు. 2021 నుండి 2026 వరకు వర్తించిన 15వ ఆర్థిక సంఘం దేశంలోని గ్రామీణ సంస్థలన్నిటికీ కలిపి 2,36,805 కోట్ల రూపాయలు సిఫారసు చేసింది. వినడానికి పెద్ద మొత్తమే. కాని అందులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే ఖర్చు చేయాలని షరతు పెట్టారు. అంటే పంచాయతీ తన ఇష్టప్రకారం వాడుకోగలిగింది తక్కువే.

ఇక ఒక చిన్న లెక్క వేద్దాం. బడిలో పిల్లలకు చెప్పే లెక్కలాంటిదే. ఒక ఊరి ఏడాది ఖర్చు 100 రూపాయలు అనుకోండి. అందులో 60 రూపాయలు పైనుండి గ్రాంటుగా వస్తాయి, 40 రూపాయలు ఇళ్ళ నుండి పన్నుగా వస్తాయి. ఒక ఏడు పై ప్రభుత్వం గ్రాంటులో ఐదో వంతు, అంటే 12 రూపాయలు తగ్గించింది. ఖర్చు అలాగే జరగాలంటే ఆ 12 రూపాయలు ఇళ్ళ నుండే రావాలి. 40 ఉన్న పన్ను 52 కావాలి. అక్కడ 20 శాతం కోత, ఇక్కడ 30 శాతం పెంపు! పైన వేసిన కోత కింద ఇంకా పెద్ద పెంపుగా మారుతుంది.

పన్ను పెంచడానికి పంచాయతీకి ధైర్యం లేకపోతే మరో రెండు దారులు ఉంటాయి. ఒకటి పని తగ్గించడం. వారానికి రెండుసార్లు తీసే మోరీ ఒక్కసారే తీస్తారు. మరొకటి బాకీ పెట్టడం. కరెంటు బిల్లు కట్టకుండా వదిలేస్తారు, ఒకనాడు వీధిదీపాలు ఆరిపోతాయి. ఈ మూడింటిలో ఏది జరిగినా భరించేది ఇంటివాళ్ళే.

కోత ఎప్పుడూ బడ్జెట్టు పుస్తకంలో కోత అన్న పేరుతోనే కనబడదు. 2021లో జరిగిన సంగతి చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీలకు వచ్చిన కేంద్ర ఆర్థిక సంఘం నిధులను ప్రభుత్వం కరెంటు బకాయిల కింద సర్దుబాటు చేసింది. తమ ఖాతాలో ఉన్న డబ్బు తమకు తెలియకుండా పోయిందని సర్పంచులు పార్టీలతో పని లేకుండా ఆందోళనకు దిగారు. అదే ఏడు మహారాష్ట్రలో కూడా వీధిదీపాల, నీటి పథకాల కరెంటు బిల్లులు 15వ ఆర్థిక సంఘం నిధుల నుండే కట్టుకోవాలని పంచాయతీలకు ఆదేశాలు వచ్చాయి. బాకీ తీర్చడం తప్పేమీ కాదు. కాని మోరీకి రావలసిన డబ్బు బిల్లుకు పోతే, మోరీ పని మళ్ళీ ఘర్‌పట్టీ మీదనే పడుతుంది. గ్రాంటు అంకె అలాగే ఉంటుంది, ఊరికి మిగిలేది తగ్గుతుంది.

నగరం సంగతి వేరు అనుకోవద్దు. సోలాపూర్‌కు 1964 నుండి కార్పొరేషన్ ఉంది. పెద్దవాళ్ళకు జకాత్ నాకాలు బాగా గుర్తుంటాయి. ఊళ్ళోకి వచ్చే నూలు బేలు మీద, కిరాణా సరుకు మీద నాకా దగ్గర జకాత్ కట్టించుకొనేవారు. వ్యాపారులకు అది బాధే, లారీలు గంటల తరబడి నిలబడేవి. కాని ఆ డబ్బు ఏ రోజుది ఆ రోజు కార్పొరేషన్ ఖజానాలోనే పడేది. 2010 తరువాత ఒక్కొక్క నగరంలో జకాత్ తీసి స్థానిక సంస్థా కరము, అంటే ఎల్‌బీటీ, పెట్టారు. వ్యాపారులు దాన్నీ వ్యతిరేకించారు. ఎన్నికల్లో ఇచ్చిన మాట ప్రకారం దేవేంద్ర ఫడ్నవీస్ ప్రభుత్వం 2015 ఆగస్టు 1 నుండి, ఏడాదికి 50 కోట్ల లోపు వ్యాపారం చేసేవారికి ఎల్‌బీటీ రద్దు చేసింది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక మిగిలినది కూడా పోయింది. దానికి బదులు రాష్ట్రం నష్టపరిహారం ఇచ్చే చట్టం చేసింది.

నాకాలు పోవడం మంచిదే. అయితే నష్టపరిహారం వచ్చినా ఒక మార్పు జరిగింది. అంతకు ముందు కార్పొరేషన్ పెట్టె తాళంచెవి కార్పొరేషన్ దగ్గరే ఉండేది. ఇప్పుడు పెద్ద పెట్టె తాళంచెవి ముంబాయిలో ఉంది. కార్పొరేషన్ చేతిలో మిగిలిన పెద్ద సొంత రాబడి ఇంటిపన్నే. కాబట్టి పైనుండి రావలసినది ఆలస్యమైతే కమిషనర్ చూపు ముందుగా పడేది మన ఇంటి గోడల మీదనే. దానికి తోడు 2022 మార్చి నుండి దాదాపు నాలుగేళ్ళు సోలాపూర్ కార్పొరేషన్‌లో ఎన్నికైన సభ లేదు, అడ్మినిస్ట్రేటర్ పాలన నడిచింది. ఎన్నికలు 2026 జనవరి 15న జరిగాయి. ఎన్నికైన సభ లేని సంస్థలకు కేంద్ర ఆర్థిక సంఘం నిధులు ఇవ్వరాదని నియమం. ఎన్నికలు ఆపిన నిర్ణయం ఎవరిదో, నిధులు ఆగిన నష్టం ఎవరిదో చూడండి!

ఇప్పుడు రెండవ ప్రశ్నకు వద్దాం. ఈ కోతల వల్ల ముఖ్యమంత్రి పేరు పోతుందా?

అమెరికాలో రాష్ట్రాన్ని నడిపేది గవర్నరు. మన గవర్నరును రాష్ట్రపతి నియమిస్తారు, అక్కడి గవర్నరును ప్రజలే ఓటు వేసి ఎన్నుకుంటారు. అంటే వాళ్ళ గవర్నరు మన ముఖ్యమంత్రితో సమానం. మన తెలుగువాళ్ళు చాలామంది స్థిరపడిన న్యూజెర్సీ రాష్ట్రంలో ఇంటిపన్ను చాలా ఎక్కువ. అక్కడి బడులు నడిచేది ఎక్కువగా ఇంటిపన్ను మీదనే. 1990లో జిమ్ ఫ్లోరియో అనే గవర్నరు రాష్ట్రపన్నులను 280 కోట్ల డాలర్ల మేర పెంచారు. అందులో కొంత బడులకు, కొంత ఇంటిపన్ను ఊరటకు ఇస్తామన్నారు. జనం పెంపునే గుర్తుంచుకున్నారు, 1993లో ఆయన ఓడిపోయారు. గెలిచిన క్రిస్టీన్ టాడ్ విట్‌మన్ ఆదాయపన్ను 30 శాతం తగ్గిస్తానని మాట ఇచ్చి, తగ్గించారు కూడా. కాని ఊళ్ళ ఇంటిపన్నులు పెరుగుతూనే పోయాయి. 1997లో ఆమె ఒక్క శాతం తేడాతో మాత్రమే గట్టెక్కారు. ఆ ఎన్నికలో ఇంటిపన్ను పెద్ద చర్చాంశం. పన్ను పెంచినవారు ఓడారు, తగ్గించినవారు కూడా ఓటమి అంచుదాకా వెళ్ళి వచ్చారు.

ఇంగ్లండులో ఇంకా గట్టిగా జరిగింది. మార్గరెట్ థాచర్ ఇంటి విలువను బట్టి వేసే స్థానిక పన్ను తీసేసి, తల ఒక్కింటికి ఇంత అని పన్ను వేయించారు. స్కాట్లండులో 1989లో, ఇంగ్లండులో 1990లో అది అమలైంది. జమీందారుకూ కూలివాడికీ దాదాపు ఒకే పన్ను! 1990 మార్చి 31న లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పెద్ద అల్లర్లు జరిగాయి. ఆ ఏడు నవంబరులో ఆమె పదవి వదులుకున్నారు. వేరే కారణాలు కూడా ఉన్నాయి, కాని ఈ పన్ను వాటిలో ముఖ్యమైనది.

ఇక మన తెలుగునేలకు వద్దాం. కరోనా ఏడు 2020లో రాష్ట్రాలకు అప్పు పరిమితి పెంచుతూ కేంద్రం కొన్ని షరతులు పెట్టింది. పట్టణాల్లో ఇంటిపన్నును ఆస్తి విలువతో ముడిపెట్టడం అందులో ఒకటి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ ఏడే చట్టం మార్చింది. ఏడాదికి 15 శాతానికి మించి పెంచకుండా హద్దు పెట్టినా, ఏటేటా పెరుగుతూ పోవడానికి దారి పడింది. 2021లో పట్టణాల్లో ఇల్లిల్లూ తిరిగి నెలనెలా చెత్త రుసుము వసూలు చేయడం మొదలైంది. ఒక చేత్తో అదే ప్రభుత్వం ఎన్నో పథకాల కింద ఆడవాళ్ళ ఖాతాల్లో డబ్బు వేసింది. అయినా జనం నోట చెత్త పన్ను అన్న మాటే నిలిచిపోయింది. 2024 ఎన్నికల్లో జగన్మోహన్ రెడ్డి పార్టీకి 175లో 11 స్థానాలే వచ్చాయి. అంత పెద్ద ఓటమికి ఒక్క చెత్త పన్నే కారణం అనడం సరికాదు. కాని తరువాత వచ్చిన చంద్రబాబు నాయుడు ప్రభుత్వం ముందుగా రద్దు చేసిన వాటిలో అది ఒకటి అన్నది గమనించాలి.

హైదరాబాదు కథ ఇంకో పాఠం చెబుతుంది. ఏడాదికి 1,200 రూపాయల లోపు ఇంటిపన్ను ఉన్నవారు 101 రూపాయలు కడితే చాలని కేసీఆర్ ప్రభుత్వం ప్రకటించింది. 2016 ఫిబ్రవరిలో జరిగిన గ్రేటర్ హైదరాబాద్ ఎన్నికల్లో ఆ పార్టీ 150లో 99 డివిజన్లు గెలిచింది. 2020లో మళ్ళీ ఎన్నికల ముందు, 15,000 లోపు ఇంటిపన్ను ఉన్నవారికి సగం మాఫీ అన్నారు. కాని అంతకు ముందు నెల అక్టోబరులో వరద వచ్చి కాలనీలు మునిగాయి. ఈసారి గెలిచినవి 56. ఇంట్లోకి మోరీ నీళ్ళు వచ్చినవాడికి ఇంటిపన్ను మాఫీ చీటీ ఏం ఓదార్పు? పన్ను తగ్గించడమూ, ఊరిని బాగుచేయడమూ రెండూ లెక్కలోకి వస్తాయన్నమాట.

ఈ కథలన్నీ కలిపి చూస్తే నాకు అర్థమైనది ఒక్కటే. ఇచ్చేదానికి పేరు ఉంటుంది, కోతకు పేరు ఉండదు. ఇచ్చే పథకానికి నాయకుడి బొమ్మ ఉంటుంది. కోసిన గ్రాంటు మీద ఎవరి బొమ్మా ఉండదు. అది చేతులు మారి మారి చివరికి ఘర్‌పట్టీ చీటీగా వచ్చేసరికి, దాని మీద ఉండేది పంచాయతీ ముద్ర మాత్రమే. అందుకే కోత వేసినవారి పేరు చాలాసార్లు చెక్కుచెదరదు. చీటీ వల్ల పైవాడి పేరు పోయేది, రెండింటికీ మధ్య ఉన్న దారి జనానికి కనబడినప్పుడే.

మన రాష్ట్రంలో 2024 జూలై నుండి లాడ్కీ బహీణ్ పథకం కింద అర్హులైన ఆడవాళ్ళకు నెలకు 1,500 రూపాయలు వస్తున్నాయి. వెయ్యి బీడీలు చుడితే వచ్చే కూలి ఎంతో తెలిసిన మన అక్కలకు ఆ 1,500 విలువ ఎవరూ చెప్పనక్కర లేదు. దాన్ని చిన్నచూపు చూడటం నా ఉద్దేశం కాదు. ఆ నవంబరులో మహాయుతి భారీ మెజారిటీతో గెలిచింది. 2025-26 బడ్జెట్టులో ఈ పథకానికి 36,000 కోట్లు కేటాయించారు. అదే బడ్జెట్టులో రెవెన్యూ లోటు 45,000 కోట్లు దాటింది. తన శాఖ నిధులు ఈ పథకానికి మళ్ళించారని 2025లో సాంఘిక న్యాయ శాఖ మంత్రే బహిరంగంగా ఆక్షేపించారు. మంత్రిగారి శాఖకే ఆ మాట అనవలసి వస్తే, ఒక గ్రామపంచాయతీ గొంతు ఎంత దూరం వినబడుతుంది? కాబట్టి ఖాతాలో పడిన 1,500 ఒక పేజీలో, మన ఘర్‌పట్టీ, పాణీపట్టీ, కొనుక్కున్న నీళ్ళ జార్లు మరో పేజీలో రాసుకొని, ఏడాది చివర రెండు పేజీలూ కలిపి చూసుకోవాలి.

అయితే పన్ను కట్టవద్దని చెప్పడానికి నేను రాలేదు. సాంచెల మీద పనిచేసేవాళ్ళకు, బీడీలు చుట్టేవాళ్ళకు రాబడి ఒక నెల ఉన్నట్టు మరో నెల ఉండదు. నూలు ధర పెరిగితే కార్ఖానా పాళీ తగ్గుతుంది, చీటీలోని అంకె మాత్రం తగ్గదు. ఆ కష్టం నిజమే. అయినా ఘర్‌పట్టీ ఎగ్గొట్టడం వల్ల ముంబాయిలో ఎవరికీ నష్టం లేదు. నష్టపోయేది కట్టే పొరుగువాడు, మన వీధి దీపం. వసూలు తక్కువ ఉన్న పంచాయతీ పైవాళ్ళను గట్టిగా అడగలేదు కూడా. మీరే వసూలు చేసుకోలేదు, మమ్మల్ని ఏం అడుగుతారు అని వాళ్ళు ఒక్క మాటతో పంపిస్తారు. అలాగే అన్నిటికీ పైవాళ్ళదే తప్పు అని సర్పంచ్ తప్పించుకోవడానికీ వీల్లేదు. వచ్చిన డబ్బుకు లెక్క చెప్పవలసింది ఆయనే.

ఆ లెక్క అడిగే చోటు మనకు ఉంది. అది గ్రామసభ. ఏడాదికి కనీసం నాలుగుసార్లు పెట్టాలి. జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2 ఆ వాడుక రోజులు. ఆ రోజు జెండా వందనం కాగానే ఇంటికి వెళ్ళిపోకుండా కూర్చోండి. నాలుగు ప్రశ్నలు అడగండి. పోయిన ఏడు రాష్ట్రం నుండి, కేంద్రం నుండి ఎంత రావాలి, ఎంత వచ్చింది, ఏ నెలలో వచ్చింది? అందులో కరెంటు బిల్లులకు ఎంత పోయింది? ఘర్‌పట్టీ ఎంత వేశారు, ఎంత వసూలైంది, పెద్ద బాకీదారులు ఎవరు? వసూలైనది ఏ వాడలో, ఏ పనికి ఖర్చు పెట్టారు? ఆర్థిక సంఘం నిధుల లెక్క ఇ-గ్రామస్వరాజ్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో ఊరి పేరుతో దొరుకుతుంది. ఇంట్లో పదో తరగతి చదివే పిల్ల ఉంటే ఫోనులో తీసి చూపిస్తుంది. జవాబు మరాఠీలో చెబితే తెలుగులో అర్థం చెప్పమని అడగడానికి సిగ్గుపడనక్కర లేదు. పన్ను కట్టేవాళ్ళు అడిగే హక్కు ఏ భాషలోనైనా హక్కే.

ఈ నాలుగు జవాబులు చేతిలో ఉంటే చీటీ మీది అంకెలో సర్పంచ్ వాటా ఎంతో, ముంబాయి వాటా ఎంతో, ఢిల్లీ వాటా ఎంతో మనకే తెలుస్తుంది. అప్పుడు కోపం ఎవరి మీద చూపాలో, ఓటు ఎవరికి వేయాలో ఒకరు వచ్చి చెప్పవలసిన పని ఉండదు. మన పెద్దలు మగ్గం మీద పోగు తెగితే బట్టను తిట్టలేదు. ఎక్కడ తెగిందో వెతికి అక్కడే ముడి వేశారు. చీటీ చేతికి వచ్చినప్పుడు మనం కూడా అదే చేద్దాం.